దేవుడికి పోసే నెయ్యి మనం తినగలిగేదై ఉండాలి

బెంగళూరులోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, మన కాలనీల్లో, అపార్ట్‌మెంట్లలో గుళ్లు నడుపుతున్న కమిటీల పెద్దలకు,

నమస్కారం.

సూటిగా విషయానికొస్తాను. మన హోమాల్లోకీ గుళ్లలోకీ ఈమధ్య ‘పూజా నెయ్యి’ అని, ‘హోమం నెయ్యి’ అని, ‘దీపం నెయ్యి’ అని రకరకాల పేర్లతో టిన్నులు వస్తున్నాయి. వాటి మీద ఆవు బొమ్మ ఉంటుంది, ప్రమిద బొమ్మ ఉంటుంది, ఒక్కోసారి దేవుడి బొమ్మే ఉంటుంది. వెనకవైపు, చత్వారం వచ్చినవాళ్లకు కనబడనంత చిన్న అక్షరాల్లో, అది తినడానికి కాదని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. దాన్నే మనం అగ్నిలో పోసి ‘స్వాహా’ అంటున్నాం. ఇది ఆపమని అడగడానికే ఈ ఉత్తరం.

నా గురించి రెండు మాటలు. మాది హిందూపురం. పెళ్లయి బెంగళూరు వచ్చాను. ఇక్కడే ఒక డెయిరీ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. పాలు, వెన్న, నెయ్యి పరీక్షించడమే నా ఉద్యోగం. శాస్త్రాలు చదివిన పండితురాలిని కాదు. ఇంట్లో విన్నవి, పురోహితులను అడిగి తెలుసుకున్నవి, కాస్త తీరిక దొరికాక చదువుకున్నవి, ఇవే నా పెట్టుబడి.

నేనూ సభ్యురాలిగా ఉన్న ఒక సంఘంలో చండీహోమం జరిగింది. సంఘం పేరు ఇక్కడ అవసరం లేదు. వంటశాల పక్కన స్టోర్‌రూమ్‌లో అటువంటి టిన్నులే వరసగా పేర్చి ఉన్నాయి. అలవాటు కొద్దీ వెనక్కి తిప్పి చదివాను. ఒక కార్యవర్గ సభ్యుణ్ణి పిలిచి అడిగితే, “అమ్మా, ఇది ప్రసాదానికి కాదు, హోమానికి మాత్రమే. ప్రసాదానికి మంచి నెయ్యి విడిగా తెప్పించాం. దీన్ని ఎవరూ తినరు కదా” అన్నారు. ఆయన అబద్ధమాడలేదు. ప్రసాదం నెయ్యి నిజంగానే మంచిది, నాకు డబ్బా చూపించారు కూడా. చక్కెర పొంగలి ఘుమఘుమలాడింది. ఆయన మర్యాదస్తుడు, సంఘం కోసం సెలవులు పెట్టుకుని మరీ తిరిగే మనిషి. అందుకే ఆ మాట నన్ను వదలలేదు. మనకు మంచిది, దేవుడికి చౌకది అన్న లెక్క ఇంత సహజంగా, ఇంత మంచివాళ్ల నోటి నుంచి ఎలా వస్తోంది?

“ఎవరూ తినరు కదా” అన్నచోటే అసలు పొరపాటు ఉంది. హోమమంటేనే తినిపించడం. అగ్ని దేవతల నోరని మన నమ్మకం. ఆ నోట్లో వేసేది హవిస్సు, అంటే భోజనం. ఋగ్వేదం అగ్నిని ఘృతపృష్ఠుడని పిలిచింది, వీపంతా నేతితో నిగనిగలాడేవాడని. నాలుగో మండలంలో 58వ సూక్తం పూర్తిగా నేతి ధారలను పొగిడేదే. మనలో చాలామందికి నోటికి వచ్చిన పురుషసూక్తంలో ‘వసంతో అస్యాసీదాజ్యమ్’ అని వస్తుంది. సృష్టి అనే ఆ తొలి యజ్ఞానికి వసంత రుతువు నెయ్యి అయిందట, గ్రీష్మం సమిధ అయిందట, శరత్తు హవిస్సు అయిందట. ఏడాది మొత్తంలో అందమైన రుతువును తెచ్చి నేతికి ఇచ్చారు. గీత తొమ్మిదో అధ్యాయంలో కృష్ణుడు మంత్రం నేనే, ఆజ్యం నేనే, అగ్నిని నేనే, ఆహుతినీ నేనే అంటాడు. ఆ లెక్కన టిన్నులో ఉన్నదేమిటో మీరే ఆలోచించండి.

ఋగ్వేదానికి చెందిన ఐతరేయ బ్రాహ్మణం అనే గ్రంథంలో ఒక చోట, కరిగిన ఆజ్యం దేవతలకు, పేరుకున్న ఘృతం మనుషులకు, సగం కరిగినది పితృదేవతలకు, వెన్న గర్భంలో ఉన్న శిశువుకు ఇష్టమని ఉంది. దీక్ష తీసుకునేవాడికి వెన్న రాసే సందర్భంలో వచ్చే మాట అది. చదివినప్పుడు నాకు ల్యాబు గుర్తొచ్చింది. ఒకే కొవ్వు, వేర్వేరు స్థితులు. దేవతలకు ఒక కుండ, మనుషులకు ఒక కుండ అనే విభజన అక్కడ లేదు. ఒకే పాడి, ఒకే చిలుకుడు, ఒకే పొయ్యి.

హోమానికి ముందు పురోహితులు నేతికి చేసే సంస్కారాన్ని దగ్గర నుంచి చూశారా? మామూలుగా ఆ సమయంలో మనం ఫోటోల్లోనో, బంధువుల పలకరింపుల్లోనో ఉంటాం. ఆజ్యపాత్రలో నెయ్యి పోసి నిప్పుల మీద కరిగిస్తారు. వెలిగించిన దర్భను దాని చుట్టూ తిప్పుతారు. దర్భ కొసలు అందులో వేస్తారు. రెండు దర్భలతో చేసిన పవిత్రాన్ని నేతిలో ముందుకీ వెనక్కీ కదిపి శుద్ధి చేస్తారు. ఆ తరవాతే స్రువమనే చెక్క చెంచాతో తీసి ఆహుతి వేస్తారు. శ్రౌతంలో, అంటే వేదోక్త యజ్ఞాల్లో, అమావాస్యకూ పున్నమికీ చేసే దర్శపూర్ణమాసాల వంటి ఇష్టుల్లో ఇంకో ముచ్చట ఉంది. యజమాని భార్య ఆజ్యాన్ని కళ్లతో చూడాలి. అది కూడా కర్మలో భాగమే. దాని అంతరార్థం పండితులు వేరే చెబుతారేమో గానీ, జీవితమంతా నేతిని చూడటమే ఉద్యోగంగా చేసినదాన్ని కాబట్టి నాకు మాత్రం ఆ ఇల్లాలు మొదటి క్వాలిటీ కంట్రోల్ ఆఫీసరులా కనిపిస్తుంది. ఇప్పుడు టిన్ను నేరుగా మూత తీసి హోమగుండం పక్కకు వచ్చేస్తోంది. చూసేవాళ్లే లేరు.

పురోహితులు అంత శ్రద్ధగా శుద్ధి చేస్తున్నది ఏ పదార్థాన్ని? ఆ టిన్నుల్లో కొన్నిటి మీద ఏమేం కలిపారో రాసే ఉంటుంది: వనస్పతి, తినడానికి పనికిరాని నూనెలు, రంగు, నేతి వాసన వచ్చే ఎసెన్సు. ఇంకొన్నిటి మీద అదీ ఉండదు. తినేది కాదని రాసుకున్నాక, తినే నెయ్యికి పెట్టే పరీక్షలు దాని జోలికి రావు. అలా రాయడంలోని సుఖమే అది. మన తెలుగువాళ్లం నేతిబీరకాయ మీద శతాబ్దాలుగా జోకులు వేసుకుంటున్నాం. ఇక్కడ బీరకాయకున్న నిజాయితీ కూడా లేదు, దాన్ని కనీసం వండుకు తినొచ్చు.

ఇప్పుడు మన ఇంటి విస్తరి దగ్గరికి రండి. అన్నం వడ్డించగానే నేతి చుక్క వేసి అభిఘారం చేస్తాం. పరిషేచన చేసేవాళ్లు ‘ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా’ అంటూ మొదటి ముద్దలు తీసుకుంటారు. యజ్ఞంలో హవిస్సు మీద నెయ్యి వేసేదీ అభిఘారమే. పెళ్లిలో లాజహోమమప్పుడు వధువు దోసిట్లో ముందు నెయ్యి రాసి, అన్నో తమ్ముడో పేలాలు పోశాక మళ్లీ పైన నెయ్యి వేస్తారు. హోమగుండంలో జరిగేదే చిన్న రూపంలో విస్తట్లో జరుగుతుంది, కడుపులోని జఠరాగ్ని సాక్షిగా. బిడ్డ పుట్టగానే జాతకర్మలో బంగారంతో తేనె, నెయ్యి నాకిస్తారు. తద్దినం నాడు భోక్తల విస్తట్లో నెయ్యి తక్కువైతే మా అమ్మ ఒప్పుకునేది కాదు. పంచామృతంలో నెయ్యి ఉంది, పంచగవ్యంలో ఉంది. వీటిలో ప్రతిచోటా నెయ్యి నోట్లోకి వెళ్లేదే, దేవుడి నోరైనా మనిషి నోరైనా. తినకూడని నెయ్యి అనే సరుకు ఈ సంప్రదాయంలో ఏ మూలా కనిపించదు. మార్కెట్టు దాన్ని కొత్తగా పుట్టించింది.

రామాయణంలో ఒక ఘట్టం నాకు దీనికి తిరుగులేని జవాబు. చిత్రకూటంలో తండ్రి మరణవార్త విన్నాక రాముడు దశరథుడికి పిండం పెట్టాలి. అడవిలో ఏముంటుంది? గారకాయ పిండిలో రేగుపళ్లు కలిపి ముద్ద చేసి దర్భల మీద పెట్టాడు. అయోధ్య చక్రవర్తికి ఆ పిండమా అని చూసేవాళ్లకు గుండె చెరువవుతుంది. అప్పుడు రాముడు, మేము తింటున్నదే మీరూ తినండి అంటాడు. ‘యదన్నః పురుషో భవతి తదన్నాస్తస్య దేవతాః’. మనిషి ఏది తింటాడో అతని దేవతలూ అదే తింటారు. ఇందులో పేదవాడికి ఎంత ఊరట ఉందో, స్తోమత ఉన్నవాడికి అంత హెచ్చరిక ఉంది. రాముడు తను తినని పిండి ఏదో చవగ్గా తెచ్చి పెట్టలేదు. ఖర్చు కాదు కొలమానం, మన కంచంలోదీ దేవుడి కంచంలోదీ ఒకటేనా కాదా అన్నదే.

మీలో చాలా సంఘాలు ఏటా మండల దీక్షల సమయంలో ఇరుముడి కట్టు చేయిస్తాయి. మాలధారణ చేసే మన పిల్లలు ఐటీ ఆఫీసుల్లో నల్ల బట్టలతో కనిపిస్తుంటే నాకు ముచ్చటేస్తుంది. కానీ ఇరుముడి దగ్గర ఈ సంగతి మరీ ప్రమాదం. టెంకాయ కన్ను తెరిచి, నీళ్లు తీసేసి, శుభ్రం చేసి, అందులో స్వామి ఒక్కొక్కరూ నెయ్యి పోసుకుంటారు. కాయ దేహం, నెయ్యి జీవాత్మ అని గురుస్వాములు చెబుతారు. శబరిమలలో ఆ కాయ కొట్టి, నెయ్యి అయ్యప్ప అభిషేకానికి ఇచ్చి, ఖాళీ చిప్పను సన్నిధానం ముందున్న ఆళి అనే అగ్నిగుండంలో వేస్తారు. అభిషేకం చేసిన నెయ్యి మళ్లీ ప్రసాదంగా వెనక్కి వస్తుంది. ఇంటికి తెచ్చి పిల్లలకు, ముసలివాళ్లకు, ఒంట్లో బాగోలేనివాళ్లకు చెంచాడు ఇస్తారు. అక్కడ అందరి నెయ్యీ కలుస్తుంది. బెంగళూరులో ఒక కమిటీ చౌకకు తెచ్చి పోయించిన సరుకు ఏ ఊరివాళ్ల నోట్లోకి వెళుతుందో మనకు తెలియదు. వాళ్లు కళ్లకద్దుకుని మరీ తింటారు. ఇరుముడికి కూడా పూజా నెయ్యి టిన్నే తెప్పిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఈ ఒక్క పేరా చదివైనా మానండి. మిగతా ఉత్తరం చదవకపోయినా ఫర్వాలేదు.

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి గొడవ లేచినప్పుడు మన సంఘాల్లో ఎంత ఆవేశం కనిపించిందో మీకు గుర్తుండే ఉంటుంది. నాకు ఫోన్లే ఫోన్లు, “నువ్వు ల్యాబులో చేశావు కదా, నిజమేనా?” అని. అక్టోబరు 4న సుప్రీంకోర్టు సీబీఐ, రాష్ట్ర పోలీసులు, ఆహార భద్రత సంస్థల నుంచి మనుషులతో ప్రత్యేక దర్యాప్తు బృందం వేసింది. ఆ వివాదంలో ఎవరిది తప్పు అన్నదాని మీద నేను తీర్పు చెప్పను. దానికి కోర్టులున్నాయి. నాకు వింతగా తోచేది మరొకటి. అక్కడ ఎవరో మనకు తెలియకుండా కలిపారేమోనన్న అనుమానానికే రాత్రుళ్లు నిద్రపోలేదు. ఇక్కడ కలిపామని టిన్ను మీద రాసి ఇస్తున్నా, మనమే బిల్లు కట్టి, మనమే ఆటోలో వేసుకొస్తున్నాం. దానికి ఏ దర్యాప్తు బృందమూ అక్కర్లేదు, కళ్లజోడు చాలు.

అదే నెలలో కర్ణాటక ప్రభుత్వం, గుళ్ల వ్యవహారాలు చూసే ముజరాయి శాఖ కింద ఉన్న గుళ్లన్నిటిలో దీపాలకు, ప్రసాదాలకు, దాసోహానికి (అన్నదానానికి) రాష్ట్ర సహకార డెయిరీ బ్రాండైన నందిని నెయ్యే వాడాలని సర్క్యులర్ ఇచ్చింది. దీపాలను కూడా చేర్చడం నాకు నచ్చింది. కానీ మన సంఘాల గుళ్లు, అపార్ట్‌మెంట్ గుళ్లు ఆ శాఖ కిందకు రావు. మనల్ని ఎవరూ అడగరు. అడిగేవాళ్లు లేనిచోట మన మర్యాద మనమే కాపాడుకోవాలి కదా. ఇంకో సంగతి, పేరున్న బ్రాండు డబ్బా కనిపిస్తే చాలనుకోకండి. 2025 నవంబరులో నందిని పేరుతో నకిలీ నెయ్యి తయారుచేసి అమ్ముతున్న ముఠాను బెంగళూరు పోలీసులే పట్టుకున్నారు. సంస్థ సొంత పార్లర్‌లోనో, అధీకృత డీలరు దగ్గరో బిల్లుతో కొనడం తప్ప దీనికి మరో దారి లేదు.

ఇక ధర. చండీహోమానికి వచ్చిన ఆ టిన్నులు కిలో రెండొందల చిల్లర పడ్డాయని తరవాత తెలిసింది. కాగితం మీద లెక్క వేద్దాం. ఆవుపాలలో వెన్న నాలుగు శాతం దగ్గర ఉంటుంది. కిలో నెయ్యి రావాలంటే సుమారు 25 లీటర్ల పాలు కావాలి. పాడిరైతుకు లీటరుకు 30 రూపాయలే ఇచ్చారనుకున్నా 750 రూపాయలు పాలకే అయ్యాయి. వెన్న తీసిన పాలకూ ధర వస్తుంది, నిజమే. ఆ డబ్బు తిరిగొచ్చినా గానీ, కూలి, కరెంటు, టిన్ను, రవాణా, దుకాణదారు లాభం అన్నీ కలుపుకుని రెండొందలకు కిలో నెయ్యి అమ్మడం ఎవరి తరమూ కాదు. మన కమిటీల్లో చార్టర్డ్ అకౌంటెంట్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు. ఈ లెక్క వాళ్లకు నేను చెప్పాలా!

అరచేతిలో వేసుకుంటే కరిగితే అసలుదని, ఫ్రిజ్‌లో పెడితే పొరలు కడితే నకిలీదని వాట్సాప్‌లో వచ్చే పరీక్షలను నమ్మకండి. కల్తీ చేసేవాళ్లకు అవన్నీ మనకన్నా ముందే తెలుసు. చేతి వేడికి కరిగే నూనెలు బజారులో బోలెడు. నేతిలో బ్యుటిరిక్ ఆమ్లం వంటి తేలికగా ఆవిరయ్యే కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. నేతి వాసనకు అవి కూడా ఒక కారణం. వాటిని కొలిచే అంకెను ఆర్ఎం విలువ అంటారు. మంచి నెయ్యికి అది 28 దరిదాపుల్లోనో, అంతకు పైనో వస్తుంది. కొబ్బరినూనెకు ఏడెనిమిది దాటదు, పామాయిల్‌కు ఒకటి దగ్గరే ఆగిపోతుంది. ఇంకో పాత పరీక్ష నాకు చాలా ఇష్టం. వనస్పతిలో తప్పనిసరిగా ఐదు శాతం నువ్వుల నూనె కలపాలని మన దేశంలో చాలాకాలం క్రితమే నిబంధన పెట్టారు, రుచి కోసం కాదు, దాన్ని నేతిలో కలిపితే దొరికిపోవాలని. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ వేసి పరీక్షనాళికను గట్టిగా కుదిపితే, నువ్వుల నూనె ఉన్న నెయ్యి దగ్గర ఆమ్లం గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. బాడోయిన్ పరీక్ష అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆ ఎరుపు కనబడితే దొంగను పట్టుకున్నంత సంబరం ఉండేది మాకు.

ఖర్చు మీద మీ బాధ నాకు అర్థమవుతుంది. చందాలు అడిగితే మొహం చాటేసేవాళ్లు, పులిహోరకు మాత్రం మొదటి వరసలో ఉంటారు. హోమానికి పదిహేను కిలోల నెయ్యి లిస్టులో రాసి ఇస్తే నందిని నెయ్యి, తమిళనాడు సహకార డెయిరీ ఆవిన్ నెయ్యి ధరలకు కమిటీ గుండె ఆగుతుంది. కానీ పదిహేను కిలోలు ఎందుకు? ఆజ్యాహుతి పడేది స్రువంతో. స్రువం అంటే గరిటె కాదు, బొటనవేలి కణుపంత గుంట ఉండే చెక్క చెంచా. గృహ్యకర్మల్లో నెయ్యి చుక్కల్లోనే పడుతుంది. పూర్ణాహుతి, వసోర్ధార వంటివాటికి ధార కావాలి, సరే. మిగిలినదంతా మంట ఎత్తుగా లేవాలని, వీడియోలో బాగుండాలని పోసే నెయ్యి. అది తగ్గించమని అడిగితే మన పురోహితులు కోప్పడరు. నేను అడిగినవాళ్లలో చాలామంది, “అమ్మా, రెండు కిలోలు ఇవ్వండి, మంచిది ఇవ్వండి” అనే అన్నారు. కిట్టు కట్టి పంపే దుకాణాలే ఎక్కువ రాస్తున్నాయి.

దీపాల దగ్గర ఇంకా సులభం. నేతి దీపం పెట్టే శక్తి లేకపోతే నువ్వుల నూనె దీపం పెట్టండి. అది ఏ రకంగానూ తక్కువ కాదు, మన ఊళ్లలో ఎన్నో గుళ్లు తరతరాలుగా నువ్వుల నూనెతోనే వెలిగాయి. కార్తీకమాసంలో గుడి ముందు బల్ల వేసి, తెల్లగా మైనంలా గడ్డకట్టిన ముద్దలో వత్తి గుచ్చి ‘నేతి దీపం’ అని అమ్మడం మాత్రం మానండి. అది వెలిగితే వచ్చే పొగా, కమురు వాసనా మీకూ తెలుసు. భక్తురాలు నేతి దీపమని డబ్బిచ్చింది. ఆమెకు మీరిచ్చింది మరొకటి. బోర్డు మీద పేరు మారిస్తే సగం పాపం పోతుంది.

పాత కాలంవాళ్లు దీపం నెయ్యి విషయంలో ఎంత పట్టింపుగా ఉండేవాళ్లో శాసనాలు చూస్తే తెలుస్తుంది. చోళుల నాటి తమిళ శాసనాల్లో ఒక అఖండ దీపానికి 96 గొర్రెలను దానం చేసినట్టు పదేపదే వస్తుంది. ‘చావని, ముదిమి రాని గొర్రెలు’ అని వాటికి పేరు, అంటే ముసలివి పోయినా పిల్లలతో ఆ సంఖ్య ఎప్పటికీ తగ్గకూడదని. కాపరి వాటిని మేపుకుంటూ రోజూ ఒక ఉళక్కు (ఆనాటి కొలత) నెయ్యి గుడికి కొలిచి ఇవ్వాలి. మన ద్రాక్షారామం శాసనాల్లోనూ అఖండ దీపాలకు పశువులను ఇచ్చిన దాతలు కనిపిస్తారు. నెయ్యి ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎవరు తెస్తారు, ఎంత తెస్తారు అన్నది రాతి మీద చెక్కి పెట్టారు. మన దగ్గర బిల్లు కూడా ఉండటం లేదు.

“పిల్లలు తినే నెయ్యి మంటల్లో పోయడమే దండగ, చౌకది పోస్తే మంచిదే కదా” అని మా మనవరాలి వయసు అమ్మాయి నాతో వాదించింది. దండగ అనుకుంటే పోయవద్దు, అది నిజాయితీ ఉన్న వాదన. నేను గౌరవిస్తాను. పాడిపశువులను మనం చూసుకుంటున్న తీరు మీద కూడా ఆ అమ్మాయికి కోపముంది, అందులోనూ న్యాయముంది. కానీ దండగ అనుకుంటూనే దండగలా కనబడకుండా ఉండటానికి నకిలీది పోయడం ఏ వాదనకూ నిలవదు. దేవుణ్ణి నమ్మని చార్వాకుల పేరు మీద చెప్పే శ్లోకంలో కూడా అప్పు చేసైనా నెయ్యి తాగమనే ఉంది. వాళ్లూ తాగగలిగే నేతి గురించే మాట్లాడారు.

ఇంకో చివర, లీటరు రెండు మూడు వేలకు అమ్మే ‘ఏ2’ నెయ్యి కావాలని పట్టుబట్టే దాతలు కూడా తయారయ్యారు. ఏ1, ఏ2 తేడా పాలలోని ప్రోటీనుకు సంబంధించినది. నెయ్యి దాదాపు పూర్తిగా కొవ్వే. 2024 ఆగస్టులో ఆహార భద్రత సంస్థ ఆ పేర్లు తీసేయమని ఆదేశించి, వారం తిరగకముందే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. నా మటుకు నాకు, సహకార డెయిరీ నెయ్యి ఏ హోమానికైనా చాలు. ఆవు నెయ్యే కావాలంటే డబ్బా మీద ఆవు నెయ్యి అని ఉన్నది తీసుకోండి. రంగు చూసి మోసపోకండి. ఆవు నెయ్యి పచ్చగా ఉండటం బీటా కెరోటిన్ వల్ల, అదే పచ్చదనాన్ని రంగు కలిపీ తెప్పించవచ్చు.

శివగంగెలో గంగాధరేశ్వరుడి లింగానికి నెయ్యి రాస్తే వెన్నగా మారుతుందని ఇక్కడివాళ్ల నమ్మకం. బెంగళూరుకు దగ్గర్లోనే ఉన్న కొండ, మీలో చాలామంది వెళ్లే ఉంటారు. ల్యాబు మనిషిగా దాని మీద నాకు చెప్పడానికేమీ లేదు, చెప్పే ఉద్దేశమూ లేదు. అక్కడికి భక్తులు నెయ్యి పట్టుకెళ్లి ఇస్తారు. ప్రసాదంగా వచ్చిన వెన్నను నాలుక మీద వేసుకుంటారు. అక్కడికి కూడా పూజా నెయ్యి ప్యాకెట్లు చేరుతున్నాయేమోనని తలచుకుంటేనే నాకు టెన్షన్.

కమిటీల నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రసాదానికి, హోమానికి, అభిషేకానికి, ఇరుముడికి ఒకే నెయ్యి కొనండి, ఒకే బిల్లు మీద. దాతలు తెచ్చే లూజు నెయ్యి, పేరులేని డబ్బాలు మర్యాదగా వద్దనండి. బదులుగా డబ్బు ఇమ్మనండి, లేదా డెయిరీ పార్లర్ నుంచి కొన్న సీల్ తీయని డబ్బా తెమ్మనండి. నాలుగైదు సంఘాలు కలిసి పండగ సీజనుకు ముందు ఒకేసారి ఆర్డరు పెడితే డీలరు ధర కొంత తగ్గిస్తాడు. 2025 సెప్టెంబరు 22 నుంచి నేతి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కూడా. హోమం రోజున టిన్నును స్టోర్‌రూమ్‌లో దాచకుండా మండపం దగ్గర బల్ల మీద పెట్టండి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనబడేలా. సంకల్పంలో కూర్చున్న దంపతులు పీటల మీదకు వచ్చే ముందు దాన్ని ఒకసారి తిప్పి చదవనివ్వండి.

ఇప్పటికే కొని పెట్టుకున్న టిన్నులుంటే దుకాణానికి తిప్పి పంపండి. తీసుకోకపోతే అలాగే పక్కన పెట్టండి. వంటమనిషి చేతికి మాత్రం అందనివ్వకండి. పెద్ద ఆర్డరు మీద అనుమానం ఉంటే బెంగళూరులోనే గుర్తింపు ఉన్న పరీక్షా ల్యాబులు ఉన్నాయి. నమూనా ఏ సీసాలో తీయాలో, రిపోర్టు వచ్చాక అందులో ఏ అంకెలు చూడాలో నేను వచ్చి చెబుతాను. ఫీజు అక్కర్లేదు, ఫిల్టర్ కాఫీ ఇస్తే చాలు.

ఇట్లు,
హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మీ సంఘ సభ్యురాలు